బహుళ అష్టమి రాత్రులు: డెల్టాలో తెర కట్టిన తొమ్మిది నెలలు

2023 అక్టోబర్, దసరా సెలవులు

ఊరూరా తిరిగి నేల, నీళ్ళు, జీవాల గురించిన సినిమాలు వేద్దామనుకున్న ప్రొజెక్టర్ ఇంటికి వచ్చింది. అమలాపురంలో ఒక ట్యూషన్ సెంటర్ మూసేస్తుంటే మా మరిది బేరమాడి తెచ్చాడు. మూడున్నర వేల ల్యూమెన్ల వెలుగు. చీకటి పడ్డాక పదడుగుల వెడల్పు బొమ్మకు సరిపోతుంది. రెండు సౌండ్ బాక్సులు, చిన్న మిక్సర్, 150 ఏహెచ్ బ్యాటరీతో ఇన్వర్టర్ మరిది షాపులోవే. ప్రొజెక్టర్‌కు 300 వాట్లు, సౌండుకు 100 అని లెక్క వేసుకున్నాం. కరెంటు పోయినా మూడు గంటలు నడుస్తుంది. కోనసీమలో గాలి కాస్త గట్టిగా వీస్తే ముందు పోయేది కరెంటే కాబట్టి, ఈ లెక్క కుదిరాకే మిగతా పని మొదలుపెట్టాను.

ఈ పని ఎందుకు తలపెట్టానో ఇక్కడే రాసి ఉంచుతాను. నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. పోయినేడు మడ అడవుల పాఠం చెబుతూ కోరింగ అభయారణ్యం చూసినవాళ్ళు చేతులెత్తమంటే అరవై మందిలో నలుగురు ఎత్తారు. మనకు గంటన్నర ప్రయాణం అది. ఎత్తనివాళ్ళలో వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి కూడా ఉన్నాడు. వాడి ఇల్లే మడ పక్కన ఉన్న పేటలో అని, బురదలోంచి పైకి పొడుచుకొచ్చే వేళ్ళు ఎందుకలా ఉంటాయో వాడికి నాకంటే బాగా తెలుసని ఏడాది చివర్లో తెలిసింది. క్లాసులో అడిగితే చెప్పని పిల్లవాడు, వాళ్ళ ఊళ్ళో, వాళ్ళవాళ్ళ మధ్య ఒక తెర ముందు కూర్చుంటే చెబుతాడని నాకు అనిపించింది. వరి రైతు, రొయ్యల రైతు, చేపల వేటకు వెళ్ళేవాళ్ళు ఒకే నీళ్ళ మీద బతుకుతున్నారు. ముగ్గురూ కూర్చుని ఆ నీళ్ళ గురించి మాట్లాడుకునే చోటు ఒక్కటీ లేదు. అలాంటి చోటు తయారు చేయాలని నా కోరిక.

అనుమతుల పని అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. నలుగురిలో సినిమా వేయాలంటే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ ఉన్నదై ఉండాలి. తీసినవాళ్ళ ఒప్పుదల విడిగా కావాలి. ఇంటర్నెట్‌లో దొరికింది కదా అని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని పోవడం నాకు ఇష్టం లేదు. ఎనిమిది మంది దర్శకులకు ఉత్తరాలు రాశాను. ఐదుగురు వెంటనే సరేనన్నారు. టికెట్ పెట్టకుండా పల్లెల్లో వేస్తామంటే ఎవరూ డబ్బు అడగలేదు. పంచాయతీ వాళ్ళకు ఒక కాగితం, పోలీస్ స్టేషన్‌లో మైకు పర్మిషన్‌కు ఒక కాగితం ఇచ్చాం.

అక్టోబర్, అదే వారం. మొదటి రాత్రి

ముమ్మిడివరం వైపు ఒక వరి ఊరు. రామాలయం అరుగు పక్కన రెండు కొబ్బరి చెట్ల మధ్య తెర కట్టాం. నేల, ఎరువులు, పురుగుమందుల గురించి వేరే రాష్ట్రంలో తీసిన సినిమా. సార్వా (ఖరీఫ్) చేలు పొట్ట దాటి ఈనిక మీద ఉన్నాయి. అమావాస్య వెళ్ళిన వారం కావడంతో చీకటి బాగా ఉంది.

పది నిమిషాలు గడిచేసరికి తెర మీద చుక్కలు. ఇంకో ఐదు నిమిషాలకు బొమ్మ కనిపించనంతగా పురుగు. నాకు టెన్షన్ మొదలైంది. ప్రొజెక్టర్ ఆపుదామా అని మరిదిని అడుగుతుండగానే వెనక కూర్చున్న ఒక పెద్దాయన లేచి వచ్చి, తువ్వాలుతో తెరను ఒక్క తుడుపు తుడిచి, తువ్వాలును వెలుగులో పెట్టి చూశారు. "ఇది పచ్చదోమ కాదండి. సుడిదోమ," అన్నారు. ఆ మాట విని ముప్పై మంది లేచి తెర దగ్గరకు వచ్చేశారు.

సుడిదోమ వరి మొదళ్ళలో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే చేను పచ్చగానే ఉంటుంది. కనిపించేసరికి పైరు సుడులు సుడులుగా ఎండిపోయి ఉంటుంది. దోమపోటు అనేది అందుకే. రాత్రి దీపానికి వస్తుంది కాబట్టి దీపపు ఎరలు పెట్టి దాని రాక కనిపెట్టమని వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. మేం తెలియకుండా ఆ ఊరి నడిమధ్య పదడుగుల దీపపు ఎర కట్టాం. సినిమా ఆగిపోయింది. ఎవరి చేలో కాలిబాటలు తీశారు, ఎవరు తీయలేదు, రెండు మీటర్లకు ఒక బాట చొప్పున 20 సెంటీమీటర్లు వదిలితే పోయే గింజలెన్ని, మిగిలే గింజలెన్ని, యూరియా ఎక్కువైతే దోమ ఎందుకు ఎక్కువవుతుంది, నీళ్ళు తీసేసి ఆరబెట్టడానికి బోదెలో, అంటే చేల పక్క పిల్ల కాలువలో, దారి ఉందా. అరగంట సేపు ఇదే మాట. తర్వాత వాళ్ళే కూర్చుని "ఇప్పుడు వెయ్యండమ్మా" అన్నారు.

ఆ సినిమాలో సాలీళ్ళు, మిరిడ్ నల్లులు దోమను తింటాయని, చూసీ చూడకుండా మందు కొడితే ముందు చచ్చేది అవేనని చెప్పే భాగం ఒకటుంది. అప్పటివరకూ నాకు అది పాఠంలా అనిపించేది. ఆ రాత్రి దాన్ని ఊపిరి బిగబట్టి విన్నారు.

ఇకనుంచి వరి ఊళ్ళలో సినిమాకు ముందు పది నిమిషాలు ఉత్త తెల్ల వెలుగు వేసి ఉంచుతాం. పురుగు రానీ, చూడనీ.

అక్టోబర్ చివర, పున్నమి

కాట్రేనికోన మండలంలో గౌతమి పాయ ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేట. మా వెనక బెంచీ అబ్బాయి ఊరే. వచ్చినవాళ్ళు పదకొండు మంది పిల్లలు, ఇద్దరు అమ్మమ్మలు. వెన్నెలకు బొమ్మ వెలిసిపోయినట్టయింది. సముద్రపు గాలికి తెర చాపలాగా నిండి, ఒకవైపు వెదురు విరిగింది. మగవాళ్ళు ఒక్కరూ లేరు. ఆడవాళ్ళు సగం మంది రొయ్య వేరుతున్నారు.

వెనక్కి వచ్చేముందు ఆ అబ్బాయి తాతగారు మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టారు. "పున్నానికీ అమాసకీ పోటు పెద్దదమ్మా. వలకట్టు వదిలి ఎవడొస్తాడు? అష్టమికి రండి. అప్పుడు నీళ్ళు పడుకుంటాయి. అందులోనూ బహుళ అష్టమికి రండి, సందమామ అర్ధరాత్రి దాకా రాడు."

నేను ఏళ్ళ తరబడి క్లాసులో చెబుతున్న విషయమే అది. సూర్యుడూ చంద్రుడూ ఒకే గీత మీద ఉంటే పోటు ఎక్కువ, లంబంగా ఉంటే తక్కువ. దాన్ని సినిమా టైం టేబుల్‌గా మార్చుకోవచ్చని మాత్రం నాకు తట్టలేదు. ఆ రాత్రే గోడ క్యాలెండర్‌లో జూన్ దాకా బహుళ అష్టములన్నీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టాను.

నవంబర్, బహుళ అష్టమి

అదే పేట. ఈసారి తెర కట్టలేదు. తుఫాను షెల్టర్ గోడకు పిల్లలు ముందురోజే సున్నం కొట్టి ఉంచారు. గాలి ఎంత వీచినా కదలని తెర. నూట యాభై మందికి తక్కువ లేరు.

ఈ అష్టమి నవంబర్ 6కు ఒక్క రోజు ముందు పడింది. 1996లో కోనసీమను తుఫాను ముంచిన రోజు అది. వెయ్యి మందికి పైగా పోయారు, సముద్రంలో వేటలో ఉన్నవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు. మేం ఆ తేదీ చూసి పెట్టుకోలేదు. పేటలో వాళ్ళకు మాత్రం ఆ వారం అంతా అదే మనసులో ఉంటుందని వెళ్ళాకే అర్థమైంది. వేసింది మడ అడవుల మీద సినిమా.

నరికేసిన మడను మళ్ళీ పెంచే భాగం వచ్చింది. చెట్టు పోయిన చోట నేల పళ్ళెంలా దిగిపోతుంది. పోటు నీళ్ళు అందులో చేరి బయటకు పోలేక ఎండుతాయి. ఉప్పు పేరుకుంటుంది. ఇంక అక్కడ ఏదీ మొలవదు. పాయనుంచి ఏటవాలుగా, చేప ముల్లు ఆకారంలో చిన్న చిన్న కాలువలు తవ్వితే పోటు లోపలికి వచ్చి మళ్ళీ బయటకు పోతుంది, ఉప్పు కడిగేస్తుంది. అప్పుడు నాటితే మొక్క బతుకుతుంది. తెర మీద ఆ కాలువలు కనబడగానే నాలుగైదు గొంతులు ఒకేసారి లేచాయి. "అవి మేం తవ్వినవేనండి!" సినిమా తీసింది వేరే చోట. కానీ ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి గోదావరి మడలో ఇదే పద్ధతిలో పని చేయించినప్పుడు పార పట్టినవాళ్ళు ఈ పేటలో ఉన్నారు. ఇరవై ఏళ్ళు దాటింది. ఎవరు ఎక్కడ తవ్వారో, ఏ కాలువ పూడిపోయిందో, ఎక్కడ చెట్టు ఇప్పుడు మనిషి ఎత్తు దాటిందో చెప్పుకుంటూ పోయారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడి రెండు రోజులు చూపు లేకుండా పడుకున్న సంగతి ఒకాయన చెప్పారు.

ఒక మామ్మగారు చివరిదాకా ఏమీ అనలేదు. సామాను సర్దుతుంటే నా పక్కకు వచ్చి, గోడ మీద ఇంకా వెలుగు ఉన్న చోటు చూపిస్తూ, "ఆ రాత్రి మా వెనకాల మడ ఉంది. చెట్టుకు చీర కట్టుకుని, బిడ్డను కట్టుకుని తెల్లవార్లూ ఉన్నాను," అని వెళ్ళిపోయారు.

ఈ పనిలో నేను రాసుకోదగ్గది ఇంతకుముందు ఏదైనా ఉందా అని ఆలోచిస్తే, లేదు.

డిసెంబర్

బహుళ అష్టమికి సినిమా లేదు. డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు దూరమే అయినా వాన మాత్రం వదల్లేదు. కోసి పనల మీద ఉన్న వరి, రోడ్ల మీద ఆరబోసిన ధాన్యం తడిసిపోయింది. కోయని చేలు నీళ్ళలో పడుకున్నాయి.

మా పిల్లలు ముగ్గురు సెల్‌ఫోన్లతో ఆ నీళ్ళను వీడియో తీశారు. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే తీశారు. వాన ఆగిన మూడో రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు ఒకే గట్టు మీద, ఒకే కొబ్బరి చెట్టు పక్కన నిలబడి తీశారు. చెట్టు మొదలు ఎంత మునిగిందో పోల్చి చూడొచ్చు. తొమ్మిదో రోజుకు కూడా జానెడు నీళ్ళు ఉన్నాయి. ఈ ముక్కలు జాగ్రత్తగా దాచమన్నాను.

జనవరి

సంక్రాంతి నెల. ఒక్క ఊళ్ళోనే వేశాం, లంక గ్రామంలో. పడవలో బ్యాటరీ ఎక్కించడానికి నలుగురు పట్టారు. మంచుకు లెన్స్ మీద చెమ్మ పట్టి బొమ్మ మసకబారుతోంది. మెత్తని గుడ్డ, అరగంటకొకసారి తుడవడం తప్ప వేరే మందు దొరకలేదు. ప్రొజెక్టర్‌ను ముందుగా పది నిమిషాలు వెలిగించి వేడెక్కనిస్తే కొంత నయం.

అసలు సమస్య భాష. మా దగ్గరున్న సినిమాల్లో తెలుగు లేదు. హిందీ, ఇంగ్లీషు, ఒకటి గుజరాతీ. కింద తెలుగు అక్షరాలు వేశాం. చదవగలిగినవాళ్ళు బొమ్మ చూడటం మానేసి అక్షరాలే చూస్తున్నారు, చదవలేనివాళ్ళు పక్కవాళ్ళను అడుగుతున్నారు. లంకలో నేనే మైకు పట్టుకుని కాగితం చూస్తూ తెలుగు చదివాను. అయిపోయాక ఒక అక్క నిజాయితీగా చెప్పింది. "బాగుందండి మేడమ్‌గారూ. కానీ పుస్తకం చదివినట్టుంది. బొమ్మ ఒకవైపు పోతోంది, మీరొకవైపు పోతున్నారు."

అక్కడున్న ఒక ముసలాయన తన చిన్నప్పుడు కాకినాడ దగ్గరి మాధవపట్నం నుంచి తోలుబొమ్మలాట వాళ్ళు వచ్చేవారని గుర్తు చేసుకున్నారు. తెర వెనక ఆముదం దీపం, తెల్లవార్లూ ఆట. బొమ్మ ఆడించే మనిషే మాట చెప్పేవాడు, పాట పాడేవాడు. ఊళ్ళో ఆ రోజు జరిగిన సంగతి కూడా మధ్యలో కలిపేవాడట. అందుకే జనం కదిలేవారు కాదన్నారు.

ఫిబ్రవరి, బహుళ అష్టమి

ఈసారి మాట చెప్పింది నేను కాదు. పేట నుంచి అమలాపురం మార్కెట్‌కు చేపలు తెచ్చి అమ్మే అక్క. పేరు రాయొద్దంది. గొంతు పది మంది మధ్యలో అరుచుకునే బజారులో తయారైన గొంతు. రెండు మధ్యాహ్నాలు మా ఇంట్లో సినిమాను నాలుగుసార్లు చూసింది. నేను అర్థం చెప్పాను, ఆమె తన మాటల్లో తిప్పుకుంది. కాగితం లేదు.

సినిమా మైక్ పాండే తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్'. గుజరాత్ తీరంలో వేల్ షార్క్‌ను, అంటే ఒంటినిండా చుక్కలుండే పెద్ద సొరను వేటాడటం గురించి. ప్రపంచంలో అంతకన్నా పెద్ద చేప లేదు. అంత ఒళ్ళున్నా తినేది నీళ్ళలో తేలే సన్నటి జీవాలను. దాని కాలేయం నూనెను పడవలకు నీళ్ళు దిగకుండా పూసేవారు. తర్వాత మాంసం విదేశాలకు పోవడం మొదలై వేట పెరిగింది. ఈ సినిమా 2000లో వచ్చింది. 2001లో మన దేశం ఆ చేపను వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చింది. అప్పటికి మన దేశంలో ఏ చేపకూ అలాంటి రక్షణ లేదు. ఈ సినిమాను నేను పట్టుబట్టి తెప్పించింది అందుకే. సినిమాతో ఏమవుతుందండీ అని నన్ను అడిగేవాళ్ళకు చూపించడానికి.

మిక్సర్‌లో ఒక దారి సినిమా సౌండుకు, ఒక దారి అక్క మైకుకు. ఆమె మాట్లాడేటప్పుడు మరిది సినిమా సౌండు తగ్గిస్తాడు, పూర్తిగా తీసేయడు. అలల చప్పుడు వెనక వినబడుతూనే ఉండాలి. అక్క మొదటి రెండు నిమిషాలు అసలు మాట్లాడలేదు. ఆ చేప ఒడ్డుకు ఈడ్చిన దృశ్యం వచ్చాక నెమ్మదిగా, "సూడండి, ఇంకా ఊపిరుంది," అంది. అంతే. నాకు ఒళ్ళు జలదరించింది.

అయ్యాక ప్రశ్నలు నన్ను అడగలేదు, అక్కనే అడిగారు. ఒక కుర్రాడు, "చట్టం బానే ఉందక్కా. సొర వలలో పడితే వల కోసి వదలాలి. వల పోయినోడి గతేంటి?" అన్నాడు. ఆమె నావైపు చూసింది. గుజరాత్‌లో సంగతి చెప్పాను. అక్కడ వల కోసి చేపను వదిలిన మత్స్యకారులకు ప్రభుత్వం నష్టపరిహారం ఇస్తుంది. మొరారి బాపు అనే రామకథ చెప్పే పెద్దాయన ఆ చేపను పుట్టింటికి పురుడుకు వచ్చిన ఆడపిల్లతో పోల్చి ప్రచారం చేశారు. ఆడపిల్ల మాట వినగానే ఆడవాళ్ళ వైపు నుంచి ఒక నిట్టూర్పు లాంటిది వినిపించింది. కుర్రాడు మాత్రం వదల్లేదు. "మనకిస్తారా?" అని అడిగాడు. అది రాసుకున్నాను. మత్స్య శాఖ వాళ్ళను అడగాలి.

దర్శకులకు ఉత్తరాలు రాసేటప్పుడు ఇకమీదట ఒక వాక్యం కలుపుతాను. సినిమా నడుస్తుండగా ఊరి మనిషి తెలుగులో మాట చెప్పడానికి ఒప్పుకోవాలని.

మార్చి మొదట్లో, బహుళ అష్టమి

తాబేళ్ళ సినిమా. ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టే కాలం. కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్ మీద, మన తీరం ఇసుకలో కూడా ఒక్కో తల్లి వందకు పైగా గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవే ఎక్కువ. ఈ సంగతికి పేటలో నవ్వులు, ఆశ్చర్యం.

వాదన ట్రాలర్ల దగ్గర వచ్చింది. వలకు తాబేలు తప్పించుకునే ద్వారం పెట్టనందుకే మన సముద్రపు రొయ్యను అమెరికా కొనడం ఆపేసిందని చెబితే, "పెద్ద బోటోడు చేసిన దానికి చిన్న తెప్పోడి రొయ్యకి కూడా రేటు పోయిందన్నమాట," అన్నాడు ఒకాయన. ఇంతకంటే సూటిగా నేను చెప్పలేను.

మార్చి 16 నుంచి మే దాకా

ఎన్నికల కోడ్ వచ్చింది. నలుగురు చేరి మైకు పెడితే ఏ పార్టీ అని అడుగుతారు. సినిమాలు ఆపేశాం. కాలువలకు నీళ్ళు ఆపేశారు, ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, మండుటెండలు. ఖాళీ దొరికింది కదా అని పిల్లలు డిసెంబర్ నీళ్ళ వీడియోలు బయటకు తీశారు. "మేడమ్, ఈ నీళ్ళు ఎందుకు పోలేదో వెతుకుదాం" అని బయల్దేరారు.

చేలో నుంచి బోదెలోకి, బోదె నుంచి మురుగు కాలువలోకి, అక్కడి నుంచి మేజర్ డ్రెయిన్‌లోకి, చివర మొగ దగ్గర, అంటే కాలువ సముద్రంలో కలిసే చోట, సముద్రంలోకి. ఆ దారినే సైకిళ్ళ మీద, తర్వాత పడవలో వెళ్ళారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తి చేశాక ఈ డెల్టాకు నీళ్ళు తెచ్చే కాలువల గురించి అందరూ చెప్పుకుంటారు. నీళ్ళు తీసుకుపోయే కాలువల గురించి చెప్పుకునేది తక్కువ. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతోపాటు గట్టిగా అడిగింది ఈ డ్రెయిన్ల పూడిక తీయమనే.

పిల్లలు చూసినవి: రెండు కిలోమీటర్ల మేర మనిషి నడవగలిగేంత దట్టంగా గుర్రపుడెక్క. కల్వర్టు కింద కొబ్బరి డొక్కలు, ప్లాస్టిక్. గట్టు ఆక్రమించి కట్టిన పాకలు. రొయ్యల చెరువుల పైపులు. మొగ దగ్గర ఇసుక మేట, పాటు సమయంలో (సముద్రం నీళ్ళు వెనక్కి తీసేటప్పుడు) మోకాలి లోతు.

మొత్తం కలిపి 11 నిమిషాల సినిమా అయింది. మాట మళ్ళీ చేపల అక్కదే, ఈసారి రికార్డు చేశాం.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ పైపుల్లో స్పష్టంగా కనిపించేది మా బాబాయి చెరువుది. నల్లటి నీళ్ళు డ్రెయిన్‌లో పడుతున్నాయి. చెరువు నీళ్ళు నిలవబెట్టి, తేర్చి, ఆ తర్వాతే వదలాలన్నది నియమం. పిల్లలు నా ముఖం చూస్తున్నారు. ఆ దృశ్యం తీసేస్తే వాళ్ళకు నేను మళ్ళీ పాఠం చెప్పలేను. చెప్పకుండా ఊళ్ళో వేస్తే బాబాయి ముఖం చూడలేను. రెండు రాత్రులు నిద్రపోలేదు.

చివరికి లాప్‌టాప్ తీసుకుని వాళ్ళింటికే వెళ్ళాను. పిన్ని కాఫీ ఇచ్చింది. బాబాయి మొత్తం చూశారు. పైపు దగ్గర ఆపమన్నారు. చాలాసేపు మాట్లాడలేదు.

"అది నాదే. తీసెయ్యకు," అన్నారు. "కానీ నేనెందుకు అలా వదుల్తున్నానో కూడా నా చేత చెప్పించు."

కెమెరా ముందు కూర్చుని చెప్పారు. వనామీ రకం రొయ్య వచ్చిన కొత్తలో, 2009 తర్వాత, రెండు పంటలు బాగా వచ్చి ఉన్న వరి చేను కూడా తవ్వేశారు. కౌలు పెరిగింది. జబ్బు వస్తే రాత్రికి రాత్రి చెరువు ఖాళీ చేయాలి. తేర్చడానికి విడిగా గుంట తవ్వాలంటే ఉన్న రెండెకరాల్లో చోటు పోతుంది. పై చెరువువాడు వదిలిన నీళ్ళే నేను తోడుకుంటున్నానని నాకూ తెలుసు, నా కిందవాడు నావి తోడుకుంటున్నాడనీ తెలుసు అన్నారు. "జబ్బు ఒకళ్ళ నుంచి ఒకళ్ళకి అలాగే పోతోందమ్మా. పది మంది కలిసి ఒక గుంట తవ్వుకుంటే అవుద్ది. ఎవడు ముందడుగేస్తాడని చూస్తున్నాం." రెండు నిమిషాల ఈ మాట కలిపితే సినిమా 13 నిమిషాలు అయింది.

జూన్, బహుళ అష్టమి

కాలువలకు నీళ్ళు వదిలారు. నారుమళ్ళు పోస్తున్నారు. నిషేధం అయిపోయి పడవలు వేటకు పోతున్నాయి, కానీ ఈ రాత్రి అష్టమి, అందరూ ఇంటి దగ్గరే.

వేసింది డ్రెయిన్ శివారున ఉన్న హైస్కూలు ఆవరణలో. కావాలనే అక్కడ పెట్టాం. వరి ఊరి వాళ్ళకూ, చెరువుల వాళ్ళకూ, పేట వాళ్ళకూ దాదాపు సమాన దూరం. నైరుతి గాలి ఉంది, గోడనే తెర చేసుకున్నాం. వర్షం వస్తుందేమోనని మూడుసార్లు ఆకాశం చూశాను. తెల్ల వెలుగు వేసిన పది నిమిషాల్లో పిల్లలు పురుగులు పట్టుకున్నారు, పెద్దవాళ్ళు కుర్చీలు లాక్కున్నారు.

బాబాయి మూడో వరుసలో కూర్చున్నారు. పైపు కనబడగానే వెనక నుంచి ఎవరో పేరు పెట్టి ఏదో అన్నారు. ఆయన తిరగలేదు. తర్వాత తెర మీద తన మాట మొదలయ్యేసరికి నిశ్శబ్దం.

అయ్యాక గంటంబావు సేపు మాట్లాడుకున్నారు. బాగా గట్టిగా, కొన్నిసార్లు కోపంగా. వరి రైతు ఒకాయన, "మీ ఉప్పు నీళ్ళు మా చేలోకి ఊరుతున్నాయి, దాని సంగతేంటి," అని లేచారు. పేట నుంచి వచ్చిన తాతగారు, "మొగ పూడితే మీ చేలో నీళ్ళు నిలబడతాయి, మా పాయలో చేప ఎక్కదు. ఆ ఇసక మేట మీరెవరైనా కంటితో సూశారా?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. సినిమాలో చూడటమే కానీ, పై ఊళ్ళవాళ్ళు ఒక్కరూ ఎప్పుడూ మొగ దాకా వెళ్ళలేదు.

మర్నాడు పొద్దున్నే ఐదున్నరకు పేట రేవులో రెండు పడవలు సిద్ధంగా ఉన్నాయి. పద్నాలుగు మందిమి. అందులో ఏడుగురు వరి రైతులు, నలుగురు చెరువులవాళ్ళు, బాబాయి కూడా. పాటు తీస్తున్న వేళ. మొగ దగ్గర తాతగారు పడవ దిగి నీళ్ళలో నిలబడ్డారు. నీళ్ళు ఆయన మోకాళ్ళు దాటలేదు. ఒక్కొక్కరే దిగారు. మా వెనక బెంచీ అబ్బాయి ఒక వెదురు కర్రకు పిల్లల స్కేలుతో గీతలు పెట్టి తెచ్చాడు. మేట అంచు నుంచి అంచుకు పదేసి అడుగులకు ఒకసారి గుచ్చి లోతు చెబుతుంటే, వరి రైతొకాయన పొగాకు కాగితం మీద రాసుకున్నారు.

ఆ లెక్కల కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. జలవనరుల శాఖకు ఇచ్చే అర్జీకి జత చేయాలి. మూడు ఊళ్ళ సంతకాలు కావాలన్నారు. వచ్చే బహుళ అష్టమికి సినిమా ముందు తెల్ల వెలుగు వేసే పది నిమిషాల్లో తీసుకుందామని తాతగారు చెప్పారు.